రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయంటే ఎక్కడో కారుతున్నట్టే

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎండలు ముదరగానే పత్రికల్లో వాహనదారులకు జాగ్రత్తలు మొదలవుతాయి. టైర్లలో గాలి చూసుకోండి, బ్యాటరీ చూసుకోండి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే నింపుకోండి అని. మొదటి రెండింటితో పేచీ లేదు. మూడోది సగం మాట. ఆ సగాన్ని నమ్ముకుని నడిపే పాత కార్లే వేసవిలో ఇంజన్ హెడ్ (సిలిండర్ల పైనుండే మూత భాగం) దింపించుకోవడానికి షెడ్డుకొస్తాయి.

కారు కూలింగ్ వ్యవస్థ ఎప్పుడూ మూత బిగించే ఉంటుంది. అందులోని కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడెక్కితే ఉబ్బి పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్తుంది, చల్లారితే తిరిగి రేడియేటర్‌లోకి వస్తుంది. అన్నీ బాగుంటే నెలలు గడిచినా డబ్బాలో మట్టం గుర్తించదగినంత తగ్గదు. వారానికో అరలీటరు పోయాల్సి వస్తోందంటే అది వయసు వల్ల కాదు. పాత కారు కదా తాగుతుందిలే అని సరిపెట్టుకునే విషయం అసలే కాదు.

పాత కారు అన్నాను కాబట్టి మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్న మారుతి 800నే తీసుకుంటాను. మొదటి బండి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. అంటే ఆఖరున వచ్చిన బండికి కూడా పదేళ్లు దాటాయి. అంత వయసున్న రబ్బరు పైపులు, ప్లాస్టిక్ ట్యాంకులు ఏ స్థితిలో ఉంటాయో చెప్పనక్కర్లేదు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. సిలిండర్లుండే బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. మామూలు వేడిలో మధ్యనున్న గ్యాస్కెట్ (సందు మూసే పలచటి పొర) ఈ తేడాను తట్టుకుంటుంది. ఇంజన్ ఒక్కసారి బాగా హీటెక్కితే సాగడానికి చోటులేక హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది. ఆ కాలంనాటి చాలా చిన్న కార్లదీ ఇదే నిర్మాణం కనుక ఇక్కడ చెప్పేది వాటికీ వర్తిస్తుంది.

కారడం వల్ల జరిగే నష్టం అందరూ అనుకునేదాని కంటే వేరు. రేడియేటర్ మూత మీద 0.9 అనే అంకె ఉంటుంది, చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల ఒత్తిడి వరకు మూత తెరుచుకోదని అర్థం. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. కూలెంట్ కలిపితే ఇంకా పైకి వెళ్తుంది. ఎక్కడైనా సూదిమొనంత చిల్లు పడితే ఒత్తిడి నిలవదు, నీళ్లు మళ్లీ 100 డిగ్రీలకే మరుగుతాయి. అంటే పావులీటరు పోకముందే పద్దెనిమిది డిగ్రీల రక్షణ పోయింది. నీళ్లు నింపితే మట్టం తిరిగొస్తుంది గానీ ఒత్తిడి రాదు. ఊళ్లో తిరిగినంతసేపు ఏమీ తెలియదు. తిరుమల ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో ఏసీ వేసుకుని, నిండా మనుషులతో, రెండో గేరులో ఎక్కేటప్పుడు బయటపడుతుంది.

మీటర్ ముల్లును మరీ నమ్మకండి. వేడిని కొలిచే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉన్నంతవరకే నిజం చెబుతుంది. కూలెంట్ పూర్తిగా పోయి సెన్సర్ చుట్టూ ఆవిరే మిగిలితే ముల్లు కిందికి దిగిపోవచ్చు. మొదట పైకెక్కి, అకస్మాత్తుగా పడిపోయిన ముల్లు శుభవార్త కాదు. వెంటనే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి.

ఇక వెతకడం. రాత్రంతా చల్లారిన ఇంజన్‌తోనే మొదలుపెట్టాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి, గుడ్డ కప్పి తిప్పినా చేయి కాలుతుంది. కనీసం గంట ఆగాలి. పై హోసు పైపు నొక్కి చూస్తే మెత్తగా లోపలికి పోవాలి, గట్టిగా ఉంటే ఒత్తిడి ఇంకా ఉన్నట్టే.

రాత్రి బండి కింద పాత పేపర్లో అట్టముక్కలో పరచండి. పొద్దున తడి ఉంటే అది ఏమిటో తేల్చుకోండి. ఏసీ వేసిన బండి కింద ఎడమవైపు, డ్యాష్‌బోర్డుకు సరిగ్గా కింద పడే నీళ్లకు రంగు, వాసన, జిగురు ఉండవు. దానికి భయపడక్కర్లేదు. కూలెంట్ వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది, ఆరాక ఆకుపచ్చ లేదా ఎర్రటి మరక మిగులుతుంది. నాలుక మీద వేసుకుని చూసేవాళ్లు కొందరున్నారు, దయచేసి ఆ పని చేయకండి. అది విషం.

తడి పడ్డ చోటే చిల్లు ఉందనుకోవద్దు. కూలెంట్ పైపుల వెంట జారి, ఇంజన్ గార్డు మీద పారి, రెండడుగుల అవతల బొట్టు కడుతుంది. కింది నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లాలి, తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనున్నదే అసలు చోటు. వేడి లోహం మీద పడ్డ కూలెంట్ ఆవిరై తెల్లటి లేదా పచ్చటి పొడిలా పేరుకుంటుంది. చాలాసార్లు బొట్టు కనిపించదు, ఈ పొడే ఆధారం. అనుమానం ఉన్న చోటు గుడ్డతో తుడిచి, ఆరాక ముఖానికి పూసుకునే పౌడరు పలచగా చల్లి ఇంజన్ కాసేపు నడిపితే పారిన దారి గీతలా కనబడుతుంది. పౌడరు చల్లేటప్పుడూ టార్చి పట్టుకుని వంగేటప్పుడూ చున్నీ, తువ్వాలు, పొడుగు చేతులు బెల్టుకు దూరంగా ఉండాలి. ఎలక్ట్రిక్ ఫ్యాను ఇంజన్ ఆపాక కూడా తనంతట తాను తిరగొచ్చు.

అన్నిటికంటే నమ్మకమైనది ప్రెషర్ టెస్టర్. సైకిలు పంపులాంటి చేతి పంపు, దానికి మీటరు, రేడియేటర్ మూతి మీద బిగించే మూత. కొంచెం పెద్ద షెడ్డు ఏదైనా ఉంచుకోవాల్సిన పనిముట్టు ఇది. లేదంటే ఆ షెడ్డు ఊహ మీద పార్టులు మారుస్తోందని అనుకోవాలి. ఇంజన్ చల్లగా ఉండగా రేడియేటర్ మూతిదాకా నింపి, టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న 0.9 దాకా మాత్రమే పంపు కొట్టాలి. అంతకు మించితే బాగున్న రేడియేటరే పగులుతుంది. పది నిమిషాలు ముల్లు కదలకూడదు. దిగుతుంటే టార్చి పట్టుకుని తిరగండి, ఇంజన్ ఆగి ఉంటుంది కనుక బొట్టు పడే చోటు ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఇంజన్ వేడెక్కించి, చల్లారనిచ్చి, మరోసారి చేయాలి. కొన్ని చిల్లులు లోహం వేడికి సాగితేనే తెరుచుకుంటాయి. హోసు క్లిప్పుల దగ్గర దీనికి వ్యతిరేకం: రబ్బరు చల్లారి ముడుచుకున్నప్పుడు, తెల్లవారుజామునే కారుతుంది, వేడెక్కాక ఆగిపోతుంది.

మూతను కూడా అదే టెస్టర్‌కు తగిలించి చూడాలి. పార్టులన్నిటిలోకీ చవకైనది, అందరూ చివర చూసేదీ ఇదే. దాని రబ్బరు వాషరు పగిలినా, స్ప్రింగు నీరసించినా 0.9 దగ్గర తెరుచుకోవాల్సింది 0.4 దగ్గరే వదిలేస్తుంది. కూలెంట్ డబ్బాలోకి, డబ్బా నుంచి రోడ్డు మీదికి పోతుంది. ఎక్కడా చిల్లు ఉండదు, నీళ్లు మాత్రం తగ్గుతాయి. మూత మధ్యలో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. చల్లారేటప్పుడు డబ్బాలోని కూలెంట్‌ను వెనక్కి లాగేది అదే. అది బిగుసుకుపోయినా, డబ్బాకు వెళ్లే సన్నపైపు చీలినా డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉంటాయి. చల్లారిన బండిలో పై హోసు చప్పిడిగా అతుక్కుపోయి ఉంటే కారణం ఇదే. కాబట్టి డబ్బాలో గీత చూసి సరిపెట్టుకోకుండా వారానికోసారి చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి కూడా చూడాలి. గట్టిగా ఉంటుందని 0.9 బదులు 1.1 మూత పెట్టించుకునేవాళ్లున్నారు. ఆ అదనపు ఒత్తిడి పాత రేడియేటర్ అతుకుల మీద పడుతుంది.

హోసుల్ని మధ్యలో కాదు, రెండు చివర్ల దగ్గర నొక్కి చూడాలి. క్లిప్పు పక్కన బుడిపెలా ఉబ్బినా, నొక్కితే లోపల కరకరమన్నా, ఇంజన్ ఆయిల్ తగిలి మెత్తబడినా మార్చాల్సిందే. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి, సెట్టు మొత్తం మార్చడం మేలు. హీటర్‌కు వెళ్లే రెండు సన్నపైపుల్ని, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) గూడు కింద ఉండే పొట్టి బైపాస్ పైపును చాలామంది మర్చిపోతారు. సరిగ్గా అవే నడిరోడ్డు మీద తెగుతాయి. పాత పైపు అతుక్కుపోతే పట్టకారుతో మెలితిప్పకూడదు, రేడియేటర్ ప్లాస్టిక్ మూతి విరుగుతుంది. బ్లేడుతో పైపును నిలువుగా కోసి ఒలిచేయాలి. లోహపు మూతి మీది తుప్పు, తెల్లటి పెచ్చు ఎమరీ కాగితంతో నున్నగా రుద్ది, కొత్త పైపు చివర కొంచెం కూలెంట్‌తో తడిపి ఎక్కించాలి. గ్రీజు రాయకూడదు, రబ్బరు పాడవుతుంది. మూతి చివర ఉండే గట్టుకు లోపలి వైపున, పైపు అంచు నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి క్లిప్పు రావాలి. గట్టు మీదే క్లిప్పు బిగిస్తే పైపు కోసుకుపోతుంది. ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక స్క్రూ క్లిప్పును ఇంకొంచెం బిగించాలి.

రేడియేటర్లు రెండు రకాలు. పాతవి రాగి, ఇత్తడితో చేసి టంకం పెట్టినవి. వీటికి మరమ్మతు ఉంది, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. ట్యాంకు విప్పి, గొట్టాల్లో పేరుకున్న మట్టి సన్నటి ఊచతో తీసి, చిల్లుకు టంకం పెట్టి, నీళ్ల తొట్టెలో ముంచి గాలి కొట్టి బుడగలు చూసి ఇస్తారు. ఊచ పెట్టకుండా చిల్లుకు మాత్రమే టంకం పెట్టించడం డబ్బు దండగ. తర్వాతి రకం అల్యూమినియం గొట్టాలు, ప్లాస్టిక్ ట్యాంకులు. ట్యాంకుకూ అల్యూమినియంకూ మధ్య రబ్బరు సీలు, చుట్టూ మడిచిన రేకు పళ్లు. ప్లాస్టిక్ ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి పై మూతి మొదట్లో వెంట్రుకంత పగులుతుంది. దాని మీద ఎం-సీల్ రాస్తే వారమో రెండు వారాలో ఆగుతుంది. వేడికి ప్లాస్టిక్ సాగినంత అతుకు సాగదు, అందుకే ఊడుతుంది. ఊరు చేరడానికైతే సరే, వైద్యం మాత్రం కొత్త రేడియేటరే.

వాటర్ పంపు ఒళ్లు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అది కావాలనే పెట్టింది. లోపలి సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా ఆ రంధ్రం గుండా బయటికి వస్తాయి. ఎండిపోయిన మరక ఒకటి ఉంటే గమనిస్తూ ఉండండి, బొట్లు వరసగా పడుతుంటే పంపు మార్చాలి. ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో పూడ్చడం చూస్తుంటాం. నీళ్లు అప్పుడు బేరింగులో చేరి, అది పట్టేసి, బెల్టు తెగి, ఇంజన్ నడిదారిలో ఆగుతుంది. బెల్టు వదులు చేసి పుల్లీని చేత్తో ముందుకూ వెనక్కీ ఊపితే కదలకూడదు, తిప్పితే గరగరమనకూడదు. బెల్టు అతిగా బిగించడమే చాలా పంపుల చావుకు కారణం. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు సెంటీమీటరు దిగేలా ఉంటే చాలు. పంపు తీయడానికి టైమింగ్ బెల్టు విప్పాల్సిన ఇంజన్ అయితే ఆ బెల్టు, దాని టెన్షనర్ అదే పనిలో మార్చేయండి, కూలీ రెండుసార్లు కట్టక్కర్లేదు. గ్యాస్కెట్ అంటించే ముందు రెండు ముఖాల మీదా పాత గ్యాస్కెట్ ముక్క గోరంత కూడా మిగలకూడదు. షెల్లాకో సీలెంటో పూస్తే పలచగా, ఎక్కువైతే లోపలికి ఉబికి గొట్టాల్లో ఇరుక్కుంటుంది.

బయట ఎక్కడా తడి లేదు, టెస్టర్ ముల్లు మాత్రం దిగుతోంది. అప్పుడు మిగిలేవి రెండు దారులు. ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి చూడండి. జిగురు తడి, లోపల తియ్యటి వాసన, అద్దానికి లోపలివైపు తుడిస్తే అలుక్కుపోయే మసక ఉంటే హీటర్ కోర్, అంటే డ్యాష్‌బోర్డు లోపలుండే చిన్న రేడియేటర్, కారుతోంది. మన ఎండలకు హీటర్ వాడేవాళ్లెవరు? రెండు హీటర్ పైపుల్నీ ఒక ముక్కతో కలిపేసి హీటర్‌ను పక్కన పెట్టడం తప్పుకాదని నా అభిప్రాయం. పైపుకు సరిపోయే లోహపు జాయింటు, రెండు మంచి క్లిప్పులు వాడాలి. పైపు మూతిలో బిరడా కొట్టి వదిలేయకూడదు.

రెండో దారి ఇంజన్ లోపలికి. హెడ్ గ్యాస్కెట్ పోయిందనగానే కంగారుపడి హెడ్ దింపేయకూడదు, ముందు రుజువు కావాలి. చల్లటి ఇంజన్ మూత తీసి స్టార్టు చేస్తే రేడియేటర్ మూతిలో బుడగలు ఆగకుండా రావడం ఒక రుజువు. మూత పెట్టి స్టార్టు చేసిన నిమిషంలోపే, ఇంజన్ ఇంకా వేడెక్కకముందే పై హోసు రాయిలా గట్టిపడితే అది నీటి ఆవిరి కాదు, సిలిండర్‌లో మండిన గ్యాసు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వేడెక్కాక కూడా ఆగకపోవడం, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం దానంతటది పెరిగి మజ్జిగ రంగుకు మారడం మిగతావి. ఆయిల్ మూత అడుగున మాత్రమే కొంచెం తెల్లటి నురగ ఉంటే అది వానాకాలంలో కూరగాయల మార్కెట్ దాకా తిరిగే బండ్లకు కూడా వస్తుంది, దాన్నొక్కదాన్నీ పట్టుకుని హెడ్ విప్పించకండి.

సందేహం ఉంటే ఒక పద్ధతి ఉంది. టెస్టర్‌తో 0.9 ఒత్తిడి పెట్టి అరగంట వదిలేసి, ఇగ్నిషన్ కాయిల్ తీగ తీసేసి, మూడు స్పార్కు ప్లగ్గులూ విప్పి సెల్ఫ్ కొట్టాలి. ఏ రంధ్రం నుంచి తుంపర వస్తే ఆ సిలిండర్‌లోకి నీళ్లు దిగుతున్నాయి. ప్లగ్గులు విప్పకుండా సెల్ఫ్ కొట్టడం మాత్రం ప్రమాదం. నీరు నలగదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆ విప్పిన ప్లగ్గుల్లో మిగతావి మసిగా ఉండి ఒకటి కడిగినట్టు తెల్లగా ఉంటే అది కూడా ఆ సిలిండర్ వైపే వేలు చూపుతుంది. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నలిగినప్పటి ఒత్తిడి) కొలిస్తే సిలిండర్ల మధ్య తేడా కిలో దాటకూడదు. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోతే గ్యాస్కెట్ వాటి మధ్య కాలింది. కార్బురేటర్ ఉన్న పాత ఇంజన్లలో ఇన్‌లెట్ మానిఫోల్డ్ (గాలి, పెట్రోలు సిలిండర్లలోకి వెళ్లే గొట్టాల భాగం)లో కూడా కూలెంట్ తిరుగుతుంది, దాని గ్యాస్కెట్ కారినా గుర్తులు అచ్చం ఇలాగే ఉంటాయి. హెడ్ కంటే ముందు దాన్ని చూడటం తేలిక, చవక.

హెడ్ దించక తప్పకపోతే ఇంజన్ పూర్తిగా చల్లారాకే బోల్టులు విప్పాలి, అంచుల నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా. దింపిన హెడ్ ముఖం మీద స్టీలు బద్ద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకులు) దూర్చి చూడాలి. 0.05 మిల్లీమీటరు రేకు దూరితే లేత్ వర్క్స్‌లో ఫేసింగ్ చేయించాలి, అంటే ఆ ముఖాన్ని చదును చేయించాలి. అదే పూట హెడ్‌కు ఒత్తిడి పెట్టించి పగులు లేదని తేల్చుకోవాలి, వాల్వుల మధ్య పగిలిన హెడ్‌కు ఎన్ని గ్యాస్కెట్లు వేసినా లాభం లేదు. బ్లాకు బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ మిగలకూడదు. బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాకు పగులుతుంది, పైగా బోల్టు బిగింపును (టార్క్) కొలిచే టార్క్ రెంచ్ తప్పు చెబుతుంది. గాలి కొట్టి గుడ్డతో పొడిచేయాలి. తిరిగి బిగించేది మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో, కంపెనీ పుస్తకం చెప్పిన టార్క్‌కు. ‘చేతి అంచనా’ ఇక్కడ పనికిరాదు. టార్క్ రెంచ్ లేని షెడ్డులో హెడ్ పని చేయించకండి.

థర్మోస్టాట్ గురించి ఒక మాట. హీటెక్కుతోందని చెప్పగానే దాన్ని పీకి అవతల పారేయడం మన దగ్గర ఆనవాయితీ అయింది. ‘మన ఎండలకు ఇదెందుకండీ’ అంటారు. థర్మోస్టాట్ పని చలిదేశాలకే కాదు. అది లేకపోతే ఇంజన్ రోడ్డు మీద తన వేడికి చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ జిడ్డు కడుతుంది. బైపాస్ దారి ఉన్న కొన్ని ఇంజన్లలో వేడి నీళ్లు కొన్ని రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగి ఇంజన్‌లోకి వస్తాయి, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు హీటు ఇంకా పెరుగుతుంది. అనుమానముంటే తీసి గిన్నెలో నీళ్లలో దారానికి వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి కాచండి. దాని మీద 82 అని రాసి ఉంటే ఆ వేడికి తెరుచుకోవడం మొదలై, 95 వచ్చేసరికి దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు లేవాలి. లేవకపోతే అదే అంకె ఉన్న కొత్తది వేయాలి. బిగించేటప్పుడు అంచున ఉండే చిన్న గాలిరంధ్రం పైకి రావాలి.

కారడం ఆపుతాయని పోసేవాటి జాబితా పెద్దదే. డబ్బాల్లో అమ్మే పొడులు, ద్రవాలు, లారీ డ్రైవర్ల చిట్కాగా పసుపు, పొగాకు. పసుపు గాయానికి మంచిదే. రేడియేటర్‌లో పోసిన పసుపుకు మాత్రం చిల్లేదో సన్నగొట్టమేదో తెలియదు, రెండింటినీ పూడుస్తుంది. అన్నిటికంటే ముందు మూసుకుపోయేది హీటర్ కోర్, ఆ తర్వాత రేడియేటర్ గొట్టాలు. అడవిలో చిక్కుకుంటే తప్పదేమో. ఊరు చేరిన మర్నాడే కడిగించేయాలి.

అన్నిటి వెనకా ఉన్న అసలు దోషి బోరు నీళ్లు. తెలంగాణ, రాయలసీమల్లో చాలా చోట్ల భూగర్భజలం గట్టిది. వేడి పెరిగేకొద్దీ అందులోని సున్నం విడివడి, ఇంజన్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోట, అంటే హెడ్‌లో ఎగ్జాస్టు వాల్వుల చుట్టూ పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు వేడిని బయటికి పోనివ్వదు, దాని రేణువులు పంపు సీలును గీస్తాయి. తుప్పు నిరోధకం లేని నీళ్లు అల్యూమినియంను లోపలి నుంచి తినేస్తాయి. కూలెంట్ మంచుదేశాల సరుకు అనుకుంటారు గానీ మనకు అది కావాల్సింది ఈ తుప్పు మందు కోసం, మరుగు వేడి పెంచడం కోసం. మన వాతావరణానికి 30 శాతానికి తగ్గకుండా, 50 శాతం దాకా కలపొచ్చు. మిగతా భాగం బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్. చిక్కగా ఉంటే ఇంకా మంచిదని అచ్చంగా కూలెంటే పోయకూడదు, నీళ్లంత బాగా అది వేడిని మోయదు.

మరమ్మతు అయ్యాక నింపే తీరులోనే చాలామంది తడబడతారు. రేడియేటర్ కింది బిరడా విప్పి, హీటర్ మీటను వేడి వైపు తిప్పి, మామూలు నీళ్లతో ఇంజన్ నడుపుతూ స్వచ్ఛంగా వచ్చేదాకా కడగాలి. చివరి విడత డిస్టిల్డ్ వాటర్‌తో. ఎంత వంచినా బ్లాకులో కొంత నీరు మిగిలిపోతుంది. అందుకే ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్ డబ్బా పోస్తే అది పలచబడుతుంది. గాఢమైన కూలెంట్ కొని లెక్క కట్టుకోవాలి. ఉదాహరణకు మొత్తం నాలుగు లీటర్లు పట్టే బండికి సగంసగం కావాలంటే ముందు రెండు లీటర్ల గాఢ కూలెంట్ పోసేసి, మిగిలిన ఖాళీని డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. మీ బండికి ఎంత పడుతుందో పుస్తకంలో ఉంటుంది. పచ్చదానిలో ఎర్రది కలపకూడదు. రంగు చూసి రకం తేల్చలేం, పాతది ఏదో తెలియకపోతే పూర్తిగా కడిగి ఒకే రకం పోయాలి. మామూలు పచ్చ రకాన్ని రెండేళ్లకోసారి మార్చాలి, అప్పటికి తుప్పు మందు అయిపోతుంది.

పోసేటప్పుడు బండి ముందుభాగం కొంచెం ఎత్తు మీద ఉండాలి. సన్నధారగా పోస్తూ పై హోసును పిసుకుతుంటే లోపలి గాలి బుడగలుగా బయటికొస్తుంది. మూత పెట్టకుండానే స్టార్టు చేసి, పై హోసు వేడెక్కేదాకా, అంటే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఆగితే మట్టం ఒక్కసారిగా దిగుతుంది. అప్పుడు మళ్లీ నింపి మూత బిగించి, ఫ్యాను ఒకటి రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడాలి. డబ్బాలో రెండు గీతల మధ్య ఉంచండి, నిండా పోస్తే ఉబ్బడానికి చోటుండదు. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద మూత తీసి చూసి, తగ్గినంత కలపండి. ఈ మొదటి తగ్గుదల గాలి పోవడం వల్ల, కారడం వల్ల కాదు. మూడో రోజు కూడా తగ్గితే మాత్రం టెస్టర్ మళ్లీ బయటికి తీయాలి.

దారిలోనే హీటెక్కితే? బండి పక్కకు తీసి ఏసీ ఆపి, ఇంజన్ కూడా ఆపేయండి. కాలుతున్న ఇంజన్ మీదా, రేడియేటర్‌లోనూ చల్లటి నీళ్లు కుమ్మరించడం హెడ్ పగలడానికి దగ్గరి దారి. గంట చల్లారాక నీళ్లు పోసి, మూతను మొదటి గంటుదాకా మాత్రమే తిప్పి వదులుగా ఉంచితే ఒత్తిడి పెరగక చిల్లు నుంచి తక్కువ కారుతుంది. నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగి చూసుకుంటూ నెమ్మదిగా దగ్గర్లోని షెడ్డు చేరొచ్చు. ఆ స్థితిలో ఘాట్ ఎక్కే ప్రయత్నం చేయకండి, బండి లాగించుకెళ్లడమే చవక.

వంచిన పాత కూలెంట్‌ను కాలువలో, చెట్టు మొదట్లో పోయకూడదు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. వీధికుక్కలు, పిల్లలు ఆ తీపికి నాకుతారు, కొద్ది మోతాదే మూత్రపిండాలను పాడుచేసి ప్రాణం తీస్తుంది. మూత ఉన్న క్యానులో పట్టి, పైన ‘విషం’ అని రాసి, వాడిన ఇంజన్ ఆయిల్ సేకరించే షెడ్డులో అడిగి అప్పగించండి. నేల మీద ఒలికింది ఇసుక చల్లి ఎత్తేసి, ఆ చోటు నీళ్లతో కడిగేయండి.

ఇట్లు,
ఐటీఐలో మోటార్ మెకానిక్ పని నేర్పే ఒక బోధకుడు,
కర్నూలు.